ఎడమ కిటికీ

డాక్టరు గారు ఆడవాళ్లను పరీక్ష చేసేటప్పుడు పైకప్పు చూస్తారు. చెయ్యి దుప్పటికి కత్తిరించిన కిటికీలో ఉంటుంది, చూపు ఫ్యాను మీద ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా అలా చూసీ చూసీ, ఆ గది పైకప్పు మీద ఎన్ని బీటలున్నాయో, ఏ బీట ఏ వానాకాలంలో పుట్టిందో ఆయన కళ్లు మూసుకుని చెప్పగలరు. పేషెంట్లను మాత్రం బజారులో చూస్తే పోల్చుకోలేరు. "మోకాలు చూపిస్తే ఎవరో చెబుతాను" అని ఒకసారి ఎవరితోనో హాస్యమాడబోయి, కిటికీ అత్త చూపు తగలగానే మిగతా మాట మింగేశారు.

ఆ పద్ధతి పెట్టింది కిటికీ అత్తే. ఆమె ఆ క్లినిక్కులో ఆయా. పేరుకు చేసేది ఊడవడం, తుడవడం. నిజానికి చేసేది పెత్తనం. ముందు గదిలో రెండు బెంచీలు, లోపలి గదిలో పరీక్ష బల్ల, మధ్యలో ఇనపకమ్మీకి రింగులతో వేలాడే ఆకుపచ్చ తెర. తెరకు అవతల ఎవరు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో, ఎంత వరకు చూపించాలో చెప్పేది ఆమె. మందు రాసేది మాత్రం డాక్టరు గారు.

ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. తమ్ముణ్ని ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావలసి వచ్చింది, బడికి వెళ్తున్న మనుషుల్లో ఆమే కాస్త బలంగా కనిపించింది. పదిహేడేళ్లకు పెళ్లి. మొగుడు మసీదులో నమాజుకు పిలుపు ఇచ్చేవాడు. ఆయన గొంతు నాలుగు వీధుల దాకా వినిపించేది. ఇంట్లో మాత్రం ఆయన మాట ఎవరికీ వినిపించేది కాదు, అక్కడ ఈమె ఉండేది కనుక. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయాడు. ఆ నెలలోనే ఆమె క్లినిక్కులో చీపురు పట్టింది.

చేరిన వారం రోజులకే ఆమెకు ఒక విచిత్రం కనిపించింది. ఆ క్లినిక్కుకు ఆడవాళ్లు వచ్చేవారు కాదు. డాక్టరు మగవాడు, పైగా మన మతం కాదు అని ఇళ్లలోనే ఉండిపోయి మొగుళ్లను పంపేవారు. మొగుడు వచ్చి, "మా ఆవిడకు ఇక్కడ నొప్పండీ" అని తన పొట్ట చూపించేవాడు. డాక్టరు గారు ఏం చెయ్యాలో తోచక అతన్నే బల్ల మీద పడుకోబెట్టి అక్కడ నొక్కేవారు. "ఇక్కడ నొక్కితే ఎలా ఉంది?" అంటే, "నాకైతే బాగానే ఉందండీ, ఆవిడను అడిగి రేపు చెబుతాను" అనేవాడు. ఒకాయన భార్యకు నెల తప్పిందని చెప్పడానికి వచ్చి, వాంతులు ఎలా ఉన్నాయో నటించి చూపించి, నిజంగానే కక్కుకుని, తన పేర రెండు రోజుల మాత్రలు రాయించుకుని వెళ్లాడు. ఆ నేల తుడిచింది కిటికీ అత్త. అప్పటికి ఆమె ఇంకా కిటికీ అత్త కాలేదు.

గుడ్డ పిండి ఆరేసి, ఆమె తిన్నగా మసీదుకు వెళ్లింది. అప్పుడు ఇమాం గారు ఉద్యోగంలో చేరి నెల కాలేదు. పాతికేళ్లు కూడా నిండని మనిషి. పక్క గుమ్మం బయట నిలబడి ఆమె అడిగిన ప్రశ్నే, ఆయన జీతం తీసుకుంటూ జవాబు చెప్పిన మొట్టమొదటి ప్రశ్న.

"జబ్బు చేసిన ఆడది ఎవరికి చూపించుకోవాలయ్యా?"

ఆయన పుస్తకం తెచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ముందు మన మతపు ఆడ డాక్టరు. ఆమె దొరక్కపోతే వేరే మతపు ఆడ డాక్టరు. ఆమె కూడా దొరక్కపోతే మన మతపు మగ డాక్టరు. ఆయనా లేకపోతే, నమ్మకమైన వాడైతే, వేరే మతపు మగ డాక్టరు. గదిలో వాళ్లిద్దరే ఉండకూడదు, అయినవాళ్లో నమ్మకమైన ఆడమనిషో తోడుండాలి. అవసరం నిషేధాన్ని సడలిస్తుంది, కానీ అవసరం ఎంతో అంత మేరకే.

"ఎంత మేర?" అంది ఆమె.

"అవసరమంత."

"జానా? బెత్తెడా?"

పుస్తకంలో అది లేదు. ఆయన చెమట తుడుచుకుని, "అమ్మా, అది మీరే చూసుకోవాలి" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన ఇరవై రెండేళ్లుగా అనుభవిస్తున్నాడు.

ఆమె ఇంటికి వచ్చి పాత దుప్పటి పరిచి, టేపు పెట్టి అవసరాన్ని కొలిచింది. మోకాలికి జానెడు. పొట్టకు జానెడున్నర. వీపుకు రెండు జానలు, ఎందుకంటే వీపు నొప్పి ఒకచోట ఉండదు. కొలిచినంత మేర కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, పైన గుండీలతో ఒక మూత పెట్టింది. డాక్టరు చెయ్యి వచ్చినప్పుడు మూత తెరుచుకుంటుంది, చెయ్యి వెళ్లగానే మూసుకుంటుంది. అలా పదకొండు దుప్పట్లు తయారయ్యాయి. ఒక్కోదానికి మూల మీద ఎర్ర దారంతో పేరు కుట్టింది, పొట్ట, వీపు, మోకాలు అని. మనిషికి రెండేసి ఉన్నచోట కుడి, ఎడమ అని వేరువేరుగా కుట్టింది. గోడకు పదకొండు మేకులు కొట్టి తగిలించింది. సాయంత్రం వాటిని సోడా వేసి ఉడకబెట్టడం, పొద్దున మడత పెట్టడం ఆమె దినచర్య.

తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంటి గడప ఎక్కినా ఒకటే పాట. "మొదటి మెట్టు మన ఊళ్లో లేదు. రెండో మెట్టు వారానికోసారి వస్తుంది, ఆ రోజు కూడా ఆవిడ పిల్లలకు జ్వరం. మూడో మెట్టు పళ్ల డాక్టరు, పళ్లలో నొప్పి లేనివాళ్లకు పనికిరాడు. మిగిలింది నాలుగో మెట్టు. తోడు నేనుంటాను. కిటికీ నాది. ఇంకా నీకేం రోగం?" రోగమే కదా అసలు సంగతి అని ఒకామె గొణిగిందట. అయినా వచ్చింది. ఆమె వెంట అందరూ వచ్చారు. డాక్టరు గారికి నాలుగో మెట్టు అనే పేరు స్థిరపడింది. ఆయనకూ తెలుసు. ఫోనులో స్నేహితులతో, "నేను మెట్టుని మాట్లాడుతున్నా" అంటారు. వయసులో తనకంటే ఎనిమిదేళ్లు చిన్నదైనా ఆమెను అత్తగారూ అనే పిలుస్తారు. భయం ఉన్నచోట వరస దానంతటదే కుదురుతుంది.

ఇక ఇమాం గారికి ప్రశ్నలు ఆగలేదు. బట్ట మీంచి నాడి చూడవచ్చా. సిరప్పులో సారాయి వాసన వస్తోంది, తాగవచ్చా. గొట్టం మాత్ర తొడుగు దేనితో చేస్తారు, పందితో అయితే లోపలి పొడి వంచుకుని తినవచ్చా. చెవిలో చుక్కలు వేసుకుంటే ఉపవాసం ఉంటుందా, పోతుందా. ఆయన రాత్రులు పుస్తకాలు తిరగేసి పొద్దున జవాబు చెప్పేవాడు. ఆమెను ఆపగల ఆయుధం ఆయన దగ్గర ఒక్కటీ లేదు. ఆమె దగ్గర మాత్రం ఆయన గుట్టు ఒకటుంది. కాలికి మేకు గుచ్చుకుని క్లినిక్కుకు వచ్చినప్పుడు, సూది చూసి, "ధర్మశాస్త్రం ప్రకారం మాత్రతో సరిపెట్టుకోవచ్చేమో డాక్టరు గారూ" అన్నాడాయన. ఆ మాట ఆమె ఇంతవరకు బయటపెట్టలేదు. పెట్టలేదన్న సంగతి మాత్రం ఆయనకు అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది.

ఇన్నేళ్లలో ఆ పద్ధతి ఒక్కసారే తప్పింది. ఇటుకల బట్టీ యజమాని తల్లి మోకాలి నొప్పితో వచ్చి, అత్త నీళ్లు తేవడానికి వెళ్లిన సందులో దుప్పటి తనే తిరగేసి కప్పుకుంది. కుడి మోకాలి కిటికీ ఎడమ మోకాలి మీద పడింది. డాక్టరు గారు పైకప్పు చూస్తూ ఎడమ మోకాలు పరీక్షించారు. చూసే హక్కు లేని డాక్టరు, చెప్పే ధైర్యం లేని పేషెంటు. మూడు వారాలు మంచి మోకాలికి వైద్యం జరిగింది. విచిత్రమేమంటే చెడ్డ మోకాలు తగ్గింది. డాక్టరు గారు తన హస్తవాసి అనుకున్నారు. నాలుగో వారం సంగతి కనిపెట్టిన అత్త నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడింది. కిటికీ ఎక్కడుంటే డాక్టరు లోకం అంతే అని ఆ రోజు ఆమెకు తెలిసింది. ఆ తెలివి ఎప్పటికో తనకే పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

యాభై ఎనిమిదో ఏట, స్నానం చేస్తుండగా ఆమె చేతికి గడ్డ తగిలింది. కుడి రొమ్ములో, చంకకు దగ్గరగా. మొదట బఠాణీ గింజంత. రెండు నెలలకు గోళీకాయంత. నొప్పి ముందు లేదు, తర్వాత చెయ్యి ఎత్తితే లాగేది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. వేరెవరైనా ఇలా దాచుకుని ఉంటే ఈమె వాళ్లింటి గుమ్మంలో కూర్చుని పరువు తీసి మరీ లాక్కొచ్చేది. ఎదుటివాళ్లకు చెప్పడానికే నీతులు. దుప్పట్లు ఎడం చేత్తో ఆరేసింది. చంక కింద మెత్తటి గుడ్డ పెట్టుకుని పడుకుంది. ప్రార్థనలో చెయ్యి పైకెత్తేటప్పుడు పళ్లు బిగించింది.

ఇంట్లో కొడుకు, కోడలు. కొడుకు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. తల్లి ముఖం కంటే సూది బిగించే మర అతనికి తొందరగా అర్థమవుతుంది. కోడలు వచ్చి మూడేళ్లయింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిన పిల్ల. నోట్లో నాలుక లేదని అత్త వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. రోజూ సాయంత్రం దుప్పట్లు ఉడకబెట్టే గంగాళం దగ్గర కూర్చుని ఆ రోజు ఎవరికి ఏ నియమం చెప్పిందో అత్త వర్ణిస్తుంటే, ఆ పిల్ల కర్రతో తిప్పుతూ వినేది. వింటోందో లేదో కూడా అత్త ఎన్నడూ పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం కర్ర ఆపి ఆ పిల్ల అడిగింది.

"అత్తయ్యా, కుడి చెయ్యి నొప్పా?"

"నాకేం నొప్పి. నువ్వు తిప్పు."

"నెల నుంచి ఎడం చేత్తో ఆరేస్తున్నారు."

"కుడి చెయ్యి ముసలిదైపోయింది. ఎడం చెయ్యి ఇన్నాళ్లూ కూర్చుని తిన్నది కదా, దాని చేత చేయిస్తున్నా."

"చంక కింద గుడ్డ పెట్టుకుంటున్నారు."

అత్త ఆ పిల్లను మూడేళ్లలో మొదటిసారి సరిగ్గా చూసింది. "పడుకున్నదాన్ని చూస్తున్నావంటే నీకు నిద్ర పట్టడం లేదన్నమాట. డాక్టరుకు చూపించుకో" అంది.

"మీరు చూపించుకోండి. లేకపోతే ఆయనతో చెబుతాను."

"వాడితోనా? చెప్పు, చెప్పు. నూనె పోస్తే సర్దుకుంటుందంటాడు."

కోడలు మొగుడితో చెప్పలేదు. అంతకంటే పెద్ద పనే చేసింది. ఇమాం గారి భార్యతో చెప్పింది. మర్నాడు క్లినిక్కు గుమ్మం బయట ఇమాం గారు నిలబడి, తన చెప్పుల వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీకు ఒంట్లో బాగాలేదని విన్నాను."

"విన్నారా. చెవిలో చుక్కలు వేసుకోండి."

"చూపించుకోవాలి కదమ్మా."

"చూపించుకుంటాను. మొదటి మెట్టు రానీ. మన మతపు ఆడ డాక్టరు రాగానే వెళ్తాను. నియమం మీరు చెప్పిందే."

"వచ్చేదాకా జబ్బు ఆగదు కదా. ముదిరిపోయే జబ్బు అని అనుమానం ఉన్నప్పుడు మెట్లు లెక్కపెడుతూ కూర్చోకూడదు. ఈ మాట వందమందికి మీరే చెప్పారు."

"అది వాళ్ల మెట్లు" అందామె. కానీ ముందు గదిలో బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు చెవులు నిక్కబొడుచుకుని వింటున్నారు. ఇరవై రెండేళ్ల పరపతి. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "సరే, రేపే చూపించుకుంటాను" అంది. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి ఇమాం గారు తన వాక్చాతుర్యానికి తనే ఆశ్చర్యపోతూ వెళ్లిపోయాడు.

మర్నాడు తెర అవతల తోడుకు కోడల్ని నిలబెట్టింది. "నువ్వు కూడా ముఖం అటు తిప్పుకో. నిన్ను నిలబెట్టింది ఉండటానికి, చూడటానికి కాదు" అంది. దుప్పటి తనే మేకు మీంచి తీసుకుంది. తనే కప్పుకుంది. తనే మూత గుండీ విప్పింది. డాక్టరు గారు వచ్చి, అలవాటు ప్రకారం ఫ్యానుకు నమస్కారం పెట్టినట్టు తలెత్తి, చెయ్యి కిటికీలో పెట్టారు. నాలుగు వైపులా నొక్కి చూశారు.

"ఇక్కడేనా అత్తగారూ?"

"కిటికీ ఉన్నచోటే."

"ఏమీ లేదే. చక్కగా రాయిలా ఉన్నారు."

రాయి అన్న మాటకు ఆమె చెయ్యి కుడి వైపుకు కదలబోయింది. కానీ డాక్టరు చెయ్యి ఉన్నది ఎడమ వైపు. ఆమె గుండీ పెట్టుకుని లేచి, ముందు గదిలో అందరికీ టీ పోయించింది. డాక్టరు చూశాడు, ఏమీ లేదన్నాడు, విన్నారుగా అని బెంచీ బెంచీకి చెప్పింది. ఇటుకల బట్టీ ముసలావిడను మనసులో దీవించింది.

సాయంత్రం గంగాళం దగ్గర, దుప్పట్లు ఒక్కొక్కటే నీళ్లలో వేస్తున్న కోడలు ఒకదాన్ని చేతిలోనే ఉంచుకుంది. మూల మీది ఎర్ర దారాన్ని బొటనవేలితో తడిమి చూసింది.

"అత్తయ్యా, ఇది ఎడమ."

"ఏది?"

"మీరు పొద్దున కప్పుకున్నది. మీ నొప్పి కుడి."

నీళ్లు మరుగుతున్నాయి. అబద్ధమాడటానికి అత్తకు బోలెడు వ్యవధి ఉంది, కానీ ఆ పిల్ల ముఖం చూశాక ఆ శ్రమ ఎందుకనిపించింది.

"అవును, ఎడమే. డాక్టరుకు చూపించమన్నారు, చూపించాను. ఏ వైపు అని ఇమాం గారు చెప్పలేదు. నియమం నియమమే."

కోడలు కర్ర పక్కన పెట్టింది. తల దించుకునే మాట్లాడింది, గొంతు కూడా పెంచలేదు.

"అవసరం ఉన్నచోట చూపిస్తే తప్పు లేదంటారు కదా అత్తయ్యా. అవసరమంత మేరకే అంటారు."

"అంటాను. అయితే?"

"కుడి వైపు జబ్బుంది. అది చూపిస్తే అవసరం. ఎడమ వైపు ఏమీ లేదు. దాన్ని పరాయి మగవాడికి చూపించారు. అది ఏ అవసరం?"

ఊళ్లో ఉన్న ప్రతి మోకాలికీ, ప్రతి పొట్టకూ టేపు పెట్టి అవసరం కొలిచిన మనిషి, తన ఒంట్లో ఏ జబ్బూ లేని చోటును తన చేత్తో గుండీ విప్పి ఊరికే చూపించి వచ్చింది. టీ కూడా పోయించింది. ఆమె పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"నోట్లో నాలుక లేదనుకున్నాను" అంది.

"ఉంది అత్తయ్యా. మీ దగ్గర ఖాళీ దొరకలేదు."

అత్త గంగాళం కింద పుల్లలు ఎగదోసింది. అప్పుడు అత్త, ఎవరితోనూ కాదన్నట్టు గోడ వైపు చూస్తూ చెప్పింది. "పోయిన ఏడు ఆ కుడి దుప్పటి ముగ్గురికి కప్పాను. ఇద్దరు మళ్లీ మా బల్ల ఎక్కలేదు. ఒకామె దుప్పటి ఉతికి, మడిచి నేను మేకుకు తగిలిస్తుంటే కబురొచ్చింది. ఆ దుప్పటి నేను కప్పుకోనా?"

"మూడో ఆవిడ?"

"అదా. అదింకా బతికే ఉంది, మొన్న బజారులో నా కాలు తొక్కి వెనక్కి తిరిగి నన్నే తిట్టింది."

"ముగ్గురిలో ముందుగా వచ్చింది ఎవరు?"

అత్త వేళ్లు మడిచి లెక్క చూసింది. గింజంత ఉండగానే వచ్చి గోల చేసింది ఆ తిట్టినావిడే. మిగతా ఇద్దరూ మొదటి మెట్టు కోసం చూశారు.

అయినా ఆమె తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే పై కోర్టుకు వెళ్లినట్టు మసీదు పక్క గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఎవరో ఒకామెకు జరిగింది అని మొదలుపెట్టి, రెండో వాక్యంలో విసుగు పుట్టి, నేనే అని ఒప్పుకుంది. ఇమాం గారు పుస్తకం తెరవనే లేదు.

"కోడలు చెప్పింది నిజమేనమ్మా. అనుమతి అవసరాన్ని బట్టి వచ్చింది. అవసరం లేనిచోట అనుమతి లేదు. అవసరం ఉన్నచోట దాచడం మీ ప్రాణానికి మీరు చేసే అన్యాయం."

"అంటే ఒక వైపు చూపించడం తప్పు, ఇంకో వైపు చూపించకపోవడం తప్పు."

"అవునమ్మా."

"తప్పులు చెయ్యడానికి నాకున్నవే రెండు. రెండింటితోనూ చేశానన్నమాట."

ఇమాం గారి చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం గడియ మీద ఏదో మరక ఉన్నట్టు చాలాసేపు తుడిచాడు. "కుడి వైపు తప్పు ఇంకా దిద్దుకోవచ్చు. ఇవాళే వెళ్లండి" అన్నాడు.

"మీరు సూదికి వెళ్లినట్టా?"

"నేను వేయించుకున్నానమ్మా" అన్నాడాయన, మొదటిసారి తలెత్తి. "ఏడ్చాను, కానీ వేయించుకున్నాను."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ గుట్టు ఇక దేనికీ పనికిరాదని కూడా అర్థమైంది.

డాక్టరు గారు ఆమె మళ్లీ బల్ల ఎక్కడం చూసి, "నిన్ననే చూశాం కదా" అన్నారు.

"నిన్న చిరునామా తప్పిచ్చాను" అంది అత్త దుప్పటి కింద నుంచి. "ఏమే, తెర సరిగ్గా లాగు. ఆ చివర బెత్తెడు సందుంది. ఇరవై రెండేళ్లలో నా తెరకు సందు ఉందా? రింగు పట్టుకుని లాగాలి, గుడ్డ పట్టుకుని కాదు. ఆ, ఇప్పుడు ముఖం అటు తిప్పు. వద్దులే, ఇటే ఉండు."

కోడలు ఇటే ఉంది. డాక్టరు గారి చెయ్యి కిటికీలోకి వచ్చింది. ఆ చెయ్యి చల్లగా ఉంటుందని రెండు వేల మంది ఆడవాళ్లు ఆమెకు చెప్పారు. సణుగుడు మానండి అని రెండు వేల మందినీ కసిరింది. నిజంగానే చల్లగా ఉంది. ఆ చెయ్యి ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చింది.

ఆయన పైకప్పు చూడటం మానేశారు. తల దించి, ఎటు చూడాలో తెలియక గోడ మీది మేకుల్ని చూశారు.

"అత్తగారూ, ఇది కళ్లతో చూడాలి."

"చెయ్యి పెట్టారుగా."

"చర్మం చూడాలి. చంక దాకా చూడాలి. ఈ కిటికీ చాలదు."

ఆమె కాసేపు లెక్క వేసుకుంది. జానెడు అని తనే కొలిచింది. గడ్డ చంక దాకా పాకుతుందని టేపుకు తెలియదు. "ఏమే, ట్రేలో కత్తెర ఉంది. నాలుగు వేళ్ల మేర పైకి కత్తిరించు. నాలుగంటే నాలుగే" అంది.

కోడలు నాలుగు వేళ్లు ఆనించి కొలిచి కత్తిరించింది, గుడ్డ తిన్నగా తెగింది.

"ఎంతసేపు చూడాలి?" అంది అత్త.

"పది లెక్కపెట్టండి, చాలు."

ఆమె కళ్లు మూసుకుని పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆయన ఇంకా వంగే ఉన్నారని ఊపిరి వినిపించి తెలుస్తోంది. ఏడు దగ్గర ఆగింది. మళ్లీ ఏడు అంది. ఇంకోసారి ఏడు అంది. ఎనిమిది అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆయన తల ఎత్తాకే పది అంది.

ఆయన హాస్యమాడలేదు. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి, ఈ వారంలోనే అన్నారు. రాసేటప్పుడు కాగితం మీద రెండుసార్లు కొట్టేసి రాశారు. ఆమె గుండీలు పెట్టుకుంటూ, "మెట్టుకు చెమట పడుతోంది, ఫ్యాను పెంచవే" అంది కోడలితో.

పెద్దాసుపత్రిలో దేవుడు ఆమెతో పరాచికమాడాడు. కోత కోయబోయే డాక్టరు ముప్పై ఐదేళ్ల అమ్మాయి, తలకు గుడ్డ చుట్టుకుని, సలాం చెబుతూ వచ్చింది. సాక్షాత్తు మొదటి మెట్టు. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచిలోంచి తన దుప్పటి తీసి, గర్వంగా కప్పుకుని, గుండీ విప్పి చూపించింది. ఆ అమ్మాయి దుప్పటి మొత్తం లాగి పక్కనున్న కుర్చీ మీద పడేసి, "వీటికి టైము లేదు పిన్నీ" అంది. చేతులు డాక్టరు గారి చేతుల కంటే చల్లగా ఉన్నాయి.

"మెట్టు పైదే, మర్యాదే కింద పడింది" అని అత్త కోడలి చెవిలో చెప్పింది. అయినా ఆ అమ్మాయి చెయ్యి ఎక్కడా తడబడకపోవడం గమనించింది.

ఆపరేషను అయింది. గడ్డ చెడ్డదే, కానీ ఇంకా చంక గ్రంథుల్లోకి దిగలేదన్నారు. సగం రొమ్ము తీసేశారు. కొన్నాళ్లు మందులు ఎక్కించారు, జుట్టు రాలింది. తల గుడ్డ కింద జుట్టుందో లేదో ఎవడికి తెలుసు, ఈ ఒక్క విషయంలో మన ఆడవాళ్లకు లాభముంది అని ఆమె వార్డులో ప్రచారం చేసింది. ఆపరేషను గదిలో ఎందరు మగవాళ్లున్నారని ఎవరో అడిగితే, "మత్తిచ్చేముందు ముగ్గుర్ని లెక్కపెట్టాను. తర్వాత వచ్చినవాళ్ల లెక్క వాళ్లే చెప్పుకుంటారు" అంది.

ఆ నెలలన్నీ క్లినిక్కులో తెర పట్టింది కోడలు. మాట తక్కువ, చూపు ఎక్కువ. పేషెంట్లు దుప్పటి కప్పుకోగానే, "నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి" అని అడిగి, కిటికీ, వేలు ఒకచోటే ఉన్నాయో లేదో చూసి మరీ డాక్టరు గారిని పిలిచేది. ఆ కొత్త నియమం గురించి విని అత్తకు ఒళ్లు మండింది, ఇరవై రెండేళ్లలో తనకు తోచనందుకు. నాలుగు వేళ్లు తెగిన దుప్పటికి ఆ పిల్లే కొత్త అంచు కుట్టింది. కుట్టు వంకరగా ఉందని అత్త వంక పెట్టింది, విప్పమని మాత్రం అనలేదు.

ఆర్నెల్లకు పెద్దాసుపత్రిలో చూపించుకుని వచ్చిన రోజు, బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా, కోడల్ని వెంటబెట్టుకుని ఆమె మసీదు పక్క గుమ్మం దగ్గరికి వెళ్లింది. చేతిలో కాగితం ఉంది.

"ఇమాం గారూ, ఒక ప్రశ్న."

ఆయన పుస్తకాలున్న బీరువా వైపు జాలిగా చూశాడు. "అడగండమ్మా."

"ఇక మీదట ఎడమ వైపు కూడా ఆర్నెల్లకోసారి చూపించుకోవాలట. ఒక వైపు వచ్చినవాళ్లకు రెండో వైపు కూడా వచ్చే భయం ఉంటుందట. కాగితం మీద రాసింది, చదవవే."

కోడలు చదివింది.

"అంటే ఎడమ వైపుకు కూడా ఇప్పుడు అవసరం వచ్చింది కదా" అంది అత్త.

"వచ్చిందమ్మా. నిస్సందేహంగా."

"ఈ అవసరం వెనక్కి చెల్లుతుందా? అప్పుడు చూపించానే, ఆ రోజుకు?"

ఇమాం గారు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. పెదవులు బిగించాడు, ఆగక నవ్వేశాడు. అంతకుముందు ఇరవై రెండేళ్లలో ఆ గుమ్మం దగ్గర ఆయన నవ్వడం ఎవరూ వినలేదు. కళ్లు తుడుచుకుని, "రెండు రోజులు టైమివ్వండమ్మా, చూసి చెబుతాను" అన్నాడు.

"మెల్లగా చూడండి, తొందరేం లేదు" అంది కిటికీ అత్త. "మళ్లీ ఆర్నెల్లకు వస్తాను." కుడి చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు. అయినా ఆ చేత్తోనే తల గుడ్డ సర్దుకుని, కోడల్ని ముందు నడవమని మెట్లు దిగింది.